ఫోమ్ కొండల్లో అతుకులు: ఏ సందు నింపాలి, ఏది వదిలేయాలి?

"హ్యాకర్" అనే మాట మన వృత్తిలోకి ఎలా వచ్చిందని అడిగితే చాలామంది కంప్యూటర్ ల్యాబుల వైపు చూపిస్తారు. నిజానికి ఆ మాట పెరిగి పెద్దయిన చోట్లలో ఒకటి బొమ్మరైళ్ళ బల్ల. ఎం.ఐ.టి.లో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బులో రెండు రకాల మనుషులు ఉండేవారు. కొండలు, చెట్లు, స్టేషన్లు కడుతూ బల్ల పైన పనిచేసేవాళ్ళు కొందరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిల్లో వాడే రిలేలతో, వైర్లతో బల్ల కింద కుస్తీ పట్టే "సిగ్నల్స్ అండ్ పవర్" బృందం వాళ్ళు మరికొందరు. 1950ల చివర్లో టి.ఎక్స్.-0 కంప్యూటర్ చేతికి అందగానే దానికి అతుక్కుపోయినవాళ్ళు ఈ రెండో రకం వాళ్ళే. 1959లో పీటర్ శాంసన్ తయారుచేసిన క్లబ్బు పదకోశంలో "హ్యాక్" అనే మాట ఉంది. స్టీవెన్ లెవీ 1984లో రాసిన "హ్యాకర్స్" పుస్తకం మొదలయ్యేది కూడా ఈ క్లబ్బుతోనే.

ఆ లెక్కన వంశం ప్రకారం మనమంతా బల్ల కింది మనుషులం. అందుకేనేమో, ఈ హాబీలోకి వచ్చిన మన సాఫ్ట్‌వేర్ మిత్రులకి డిజిటల్ కంట్రోలు, డీకోడర్ల ప్రోగ్రామింగు, జావాలో రాసిన జె.ఎం.ఆర్.ఐ. లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తో రైళ్ళు నడపడం రెండు వారాంతాల్లో పట్టుబడిపోతాయి. ఎక్కడ ఆగిపోతారంటే బల్ల పైన. ఫోమ్ పలకలు పేర్చి కొండ చేస్తారు, లప్పం పెడతారు, రంగు వేస్తారు, పచ్చిక చల్లుతారు. సంక్రాంతి నాటికి కొండ నడుమ తెల్లటి గీత ఒకటి ప్రత్యక్షమవుతుంది. మళ్ళీ లప్పం, మళ్ళీ రంగు. ఉగాది నాటికి అదే గీత, అదే చోట.

సాఫ్ట్‌వేర్లో ఒకే బగ్ ని మూడోసారి ప్యాచ్ చేస్తున్నామంటే కారణం తెలుసుకోకుండా లక్షణానికి మందు వేస్తున్నామని మనకి తెలుసు. ఇక్కడా అంతే. సందు కనబడగానే పుట్టీ డబ్బా తీయకుండా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ సందు కదులుతుందా, కదలదా? ఏ మందు వాడాలన్నది ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

మనలాంటి వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. ప్రాజెక్టు మారితే ఊరు మారాలి. వీసా, ఇల్లు, పిల్లల బడి, వీటన్నిటితో పాటు బొమ్మరైలు కూడా ట్రక్కు ఎక్కాలి. ఒకే కొండగా, ఒకే రాయిగా కట్టేసిన లేఅవుట్ అపార్టుమెంటు తలుపు దాటదు. దాన్ని రంపంతో కోసి డంప్‌స్టర్ లో వేసి రావడం ఎంత బాధో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. సందుల సంగతి మొదటే ఆలోచించుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఫోమ్ అంటే ఏ ఫోమ్?

కాఫీ కప్పుల్లో, టీవీ పెట్టెల్లో వచ్చే తెల్లటి ఫోమ్ చిన్నచిన్న పూసలు కలిపి చేసింది. కోస్తే పూసలు రాలి ఇల్లంతా ఎగురుతాయి. కొండలకి వాడేది వేరు. ఇళ్ళ గోడలకి ఇన్సులేషన్ గా అమ్మే ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ పలకలు ఇవి. అమెరికాలో ఓవెన్స్ కార్నింగ్ కంపెనీది గులాబీ రంగు. స్టైరోఫోమ్ అన్న పేరుతో వచ్చేది దశాబ్దాలపాటు నీలం, ఈమధ్య బూడిద రంగుకి మారింది. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 2 అంగుళాల మందం ఉన్న పలక ఎక్కువగా దొరుకుతుంది. గదులు మూసిన ఫోమ్ కాబట్టి ఇది దాదాపుగా నీరు పీల్చదు. ఈ ఒక్క గుణం గుర్తుపెట్టుకోండి, తర్వాత రెండు మూడు చోట్ల పనికొస్తుంది.

2 అంగుళాల పలక అంటే హెచ్.ఓ. స్కేలులో, అంటే 87వ వంతు కొలతలో, దాదాపు 4.4 మీటర్ల ఎత్తు. ఇలాంటివి నాలుగు పేరిస్తే ఒక మోస్తరు గుట్ట. ఆ పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు మిగిలిందనుకోండి. మన కంటికి అది చిన్న గీతే. ఆ కొండ మీద నిలబడ్డ రెండు సెంటీమీటర్ల ఎత్తు మనిషికి మాత్రం అది 26 సెంటీమీటర్ల గొయ్యి, కాలు ఇరుక్కుంటుంది. ఎన్ స్కేలులో, అంటే 160వ వంతులో, అదే సందు దాదాపు అరమీటరు. కొండ సహజంగా లేదనిపించడానికి సగం కారణం ఇదే. మిగతా సగం కారణం సందు తిన్నగా ఉండడం. ప్రకృతిలో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండేది చాలా అరుదు. కన్ను ముందు తిన్నటి గీత మీదే పడుతుంది.

సందు ఎందుకు పుడుతుంది?

మొదటిది, కోసిన తేడా. రెండు పలకల అంచులు సరిగ్గా కలవవు. ఇది పుట్టుకతో వచ్చిన సందు. ఒకసారి నింపితే మళ్ళీ రాదు.

రెండోది, జిగురు పట్టకపోవడం. తెల్ల జిగురు నీరు ఆవిరై పోతేనే ఆరుతుంది. ఫోమ్ నీరు పీల్చదని అనుకున్నాం కదా, రెండు పలకల నడుమ వెడల్పుగా పూసిన తెల్ల జిగురులో నీటికి బయటికి దారి ఉండదు. అంచులు ఆరి లోపల రోజుల తరబడి పచ్చిగానే ఉండిపోతుంది. పైన బరువు తీసేయగానే పలక నెమ్మదిగా జారుతుంది. అందుకని ట్యూబు మీద ఫోమ్ బోర్డులకని స్పష్టంగా రాసి ఉన్న జిగురే వాడాలి, ఉదాహరణకి లాక్‌టైట్ పి.ఎల్. 300 లాంటిది. పలక నున్నటి ముఖాన్ని ముందు గరుకు కాగితంతో రుద్దాలి. ప్లాస్టిక్ పొర ఉంటే ఒలిచేయాలి. ఆరేవరకు వెదురు పుల్లలు గుచ్చి ఉంచితే పలక కదలదు. మామూలు నిర్మాణపు జిగుర్లలో కొన్నిటిలో ఉండే ద్రావకాలు ఫోమ్ ని కరిగించేస్తాయి. అనుమానం ఉంటే పనికిరాని ముక్క మీద ఒక చుక్క వేసి రాత్రంతా వదిలి పొద్దున చూడండి.

మూడోది అసలు దొంగ: కదలిక. ఇక్కడ ఇద్దరు ముద్దాయిలున్నారు, వేడి ఒకటి, తేమ రెండోది.

ఫోమ్ వేడికి వ్యాకోచిస్తుంది. 8 అడుగుల పలక 10 డిగ్రీల సెల్సియస్ తేడాకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు మారుతుంది. ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రత ఉండే గదిలో దీన్ని పట్టించుకోనక్కరలేదు. టెక్సాస్ లోనో, అరిజోనాలోనో గరాజ్ లో పెట్టినవాళ్ళకి వేసవికీ చలికాలానికీ 30 డిగ్రీల తేడా ఉందంటే, పలకని ఏదీ పట్టి ఉంచకపోతే నాలుగైదు మిల్లీమీటర్ల కదలిక అన్నమాట.

చెక్క సంగతి వేరు. దానికి వేడితో పెద్దగా పని లేదు, తేమ కావాలి. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలిలో తేమ 30 శాతానికి పడిపోతే చెక్కలో తేమ 6 శాతం దగ్గరికి వస్తుంది. వేసవిలో బేస్‌మెంటులో తేమ 65 శాతానికి పెరిగితే చెక్కలో 12 శాతానికి చేరుతుంది. పొడవునా చెక్క దాదాపు మారదు. అడ్డంగా మాత్రం మారుతుంది. ఫ్రేముకి వాడే 1x4 పైన్ బద్ద అసలు వెడల్పు మూడున్నర అంగుళాలు. అది జనవరికీ జులైకీ మధ్య ఒక మిల్లీమీటరు పైనే ఉబ్బి తగ్గుతుంది. దాని మీద కూర్చున్న ఫోమ్ మాత్రం తేమకి చలించదు. ఒకరు కదులుతుంటే ఇంకొకరు కదలకపోతే మధ్యలో ఉన్న లప్పమే పగలాలి కదా.

దీన్నిబట్టి ఒక సూత్రం దొరుకుతుంది. గది లోపల పెట్టిన లేఅవుట్లో ఫోమ్ కి ఫోమ్ అతికిన చోట కదలిక చాలా తక్కువ. ఫోమ్ చెక్కని కలిసే చోట, అంటే ముందు పట్టీ దగ్గర, వెనక తెర బోర్డు దగ్గర, రెండు ఫ్రేములు కలిసే చోట, కదలిక ఎక్కువ.

ముందు లాగ్ చూడాలి

మీ సందు ఏ రకమో ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. పగులుకి అడ్డంగా పల్చటి కాగితం ముక్క ఒకటి రెండు చివర్లా జిగురుతో అంటించి, పక్కన పెన్సిల్ తో తేదీ రాయండి. పాత భవనాల గోడలు ఇంకా కదులుతున్నాయా లేదా అని తెలుసుకోవడానికి సివిల్ ఇంజనీర్లు పగులు మీద గాజు పలక అతికించి చూసే పద్ధతికి ఇది మన పేద చుట్టం. కాగితం చిరిగితే లేదా ముడతపడితే సందు బతికే ఉందన్నమాట. పక్కనే పది డాలర్ల తేమ మీటరు ఒకటి పెట్టి, వారానికోసారి తేమ, ఉష్ణోగ్రత, సందు వెడల్పు రాసుకోండి. చలికాలంలో తెరుచుకుని వానల్లో మూసుకుంటే దోషి చెక్క. ఎండ, చలితో పాటు మారితే దోషి వేడి. ఏదీ మారకపోతే అది కోతలో వచ్చిన సందే, నిశ్చింతగా నింపేయండి.

ఈ కొలతకి ఓపిక లేనివాళ్ళు కనీసం లేఅవుట్ ఉన్న గదిలో వేసవిలో డీహ్యుమిడిఫైయర్ నడపండి. సగం పగుళ్ళు పుట్టకముందే ఆగుతాయి.

కదలని సందులు: గట్టి మందు

ఇక్కడ వెడల్పుని బట్టి మందు మారుతుంది.

3 మిల్లీమీటర్ల లోపు సందులకి తేలిక స్పాకిల్ చాలు. చేత్తో పట్టుకుంటే డబ్బా ఖాళీగా ఉందేమో అనిపించేంత తేలిక. లోపల బోలు గాజు గోళీలు, కంటికి కనిపించనంత చిన్నవి, కలిపి ఉండడం వల్ల ఆ తేలికదనం. అందుకే అది ఎండినా పెద్దగా కుంచించుకుపోదు, రుద్దితే ఫోమ్ లాగే తేలిగ్గా అరుగుతుంది. రైలు హాబీ సరుకులు అమ్మే వుడ్‌ల్యాండ్ సీనిక్స్ కంపెనీ ఫోమ్ పుట్టీ అని విడిగా అమ్ముతుంది. ఇంగ్లండులో ఉన్నవాళ్ళకి పాలీఫిల్లా తేలిక రకం అందుబాటులో ఉంటుంది. గోడల అతుకులకి వాడే జాయింట్ కాంపౌండ్ ని మాత్రం మందంగా పెట్టకండి. అది నీరు ఆవిరైన కొద్దీ కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది.

వెంట్రుకవాసి పగులు మీద లప్పం రాస్తే అది పైపైనే నిలిచి నెల తిరక్కుండా రాలిపోతుంది. మన ఊళ్ళో తాపీ మేస్త్రి గోడ పగులుని ముందు ఉలితో వెడల్పు చేసి అప్పుడు సిమెంటు పెట్టేవాడు, గుర్తుందా? ఇక్కడా అదే. కత్తితో సందు పెదవులని ఏటవాలుగా చెక్కి, లోయ ఆకారం ఇచ్చి, దుమ్ము బ్రష్ తో తుడిచి, అప్పుడు లప్పం లోపలికి నొక్కాలి. పట్టుకోవడానికి దానికి చోటు కావాలి.

3 నుంచి 12 మిల్లీమీటర్ల సందులకి స్కల్ప్టామోల్డ్ మంచిది. ఇది ప్లాస్టర్ లో కాగితపు పీచు కలిపిన పొడి. రెండు పాళ్ళ పొడికి ఒక పాలు నీళ్ళు కలిపితే చిక్కటి ఉప్మా పాకానికి వస్తుంది. గరుకుగా ఆరుతుంది కాబట్టి మట్టి, రాళ్ళ నేలకి అదే అందం. నున్నగా కావాలంటే కాస్త గట్టిపడ్డాక తడి వేలితో నిమరండి. పని చేసుకోవడానికి అరగంట సమయం ఇస్తుంది. పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పచ్చిగా ఉండగానే రంగు వేస్తే లోపలి తేమ చిక్కుకుపోతుంది.

12 మిల్లీమీటర్లు దాటితే పుట్టీ జోలికి పోకండి. ముందు ఫోమ్ ముక్కని చీలిక ఆకారంలో కోసి, జిగురు రాసి, సందులోకి దిగ్గొట్టండి. అటూ ఇటూ మిగిలిన సన్నటి గీతలకే లప్పం. ఖాళీ మొత్తాన్ని ప్లాస్టర్ తో నింపితే కొండ బరువెక్కుతుంది, ఎండడానికి వారం పడుతుంది, ట్రక్కులో కుదుపుకి ముందు పగిలేది అదే.

పొడవాటి అతుకు అయితే లప్పం పెట్టే ముందు దాని మీద గోడ అతుకులకి వాడే ఫైబర్‌గ్లాస్ వల పట్టీ అంటించండి. కొండ మొత్తం మీద అతుకులు ఎక్కువైతే ప్లాస్టర్ గుడ్డ ఉంది. ఎముక విరిగితే కట్టే కట్టు లాంటిదే, నీళ్ళలో ముంచి పరచడమే. నాలుగు పలకలూ ఒక్క చర్మం కిందికి వచ్చేస్తాయి.

అన్నిటికన్నా మంచి మందు సందులు తక్కువ పుట్టేలా పేర్చడం. ఇటుకల వరసలో కింది అతుకు మీద పై అతుకు రాకుండా మేస్త్రి ఎలా తప్పిస్తాడో, పలకలని అలా పేర్చండి. తర్వాత మెట్లని పొడవాటి కత్తితో, స్టాన్లీ సర్‌ఫార్మ్ ఆకురాయితో ఏటవాలుగా గీయండి. సగం అతుకులు గీతలోనే మాయమవుతాయి.

కదిలే సందులు: మెత్తటి మందు

కాగితం పరీక్షలో దొరికిపోయిన సందుకి గట్టి లప్పం పనికిరాదు, సాగే మందు కావాలి. అంటే కాల్క్. రంగు పట్టే అక్రిలిక్ లేటెక్స్ రకం తీసుకోండి. అచ్చమైన సిలికాన్ మీద రంగు నిలవదు.

ఇక్కడ మన సహజబుద్ధికి ఎదురుతిరిగే సంగతి ఒకటి ఉంది. కదిలే సందు ఎంత సన్నగా ఉంటే కాల్క్ అంత తొందరగా తెగుతుంది. ఎందుకంటే కాల్క్ ఎంత సాగగలదన్నది సందు వెడల్పులో శాతంగా లెక్క. ట్యూబు మీద 25 శాతం అని రాసి ఉందనుకుందాం. ఒక మిల్లీమీటరు వెడల్పు సందులో అది పావు మిల్లీమీటరే సాగగలదు. మీ పగులు ఏడాదికి ఒక మిల్లీమీటరు కదులుతుంటే ఆ కాల్క్ మొదటి చలికాలంలోనే తెగుతుంది. అదే సందుని 4 మిల్లీమీటర్లకి వెడల్పు చేస్తే లెక్క సరిపోతుంది. మార్జిన్ కావాలంటే 5 లేదా 6 చేయండి. అవును, సందు నింపడానికి ముందు దాన్ని పెద్దది చేయాలి.

రెండో సంగతి: కాల్క్ రెండు వైపులా మాత్రమే అంటుకోవాలి, అడుగున అంటుకోకూడదు. అడుగున కూడా పట్టుకుంటే అది రబ్బరు బ్యాండులా సాగలేదు, అంచుల దగ్గర చిరుగుతుంది. అందుకే భవనాల కిటికీల చుట్టూ కాల్క్ పెట్టేవాళ్ళు ముందు సందులోకి పాలిథీన్ ఫోమ్ తాడు దూరుస్తారు. దానికి కాల్క్ అంటుకోదు. మన కొండకి అదే తాడు చాలు. సందు వెడల్పులో సగం లోతు మాత్రమే కాల్క్ ఉండేలా తాడుని దించండి. మీద కాల్క్ పచ్చిగా ఉండగానే సన్నటి ఇసుకో, పచ్చిక పొడో చల్లితే మెరుపు పోతుంది, సాగడానికి అడ్డమూ రాదు.

నింపకూడని సందులు

ముక్కలుగా విడదీసే లేఅవుట్లో ముక్కలు కలిసే చోట ఉన్న సందుని ఎప్పుడూ నింపకండి. సాఫ్ట్‌వేర్ భాషలో అది ఇంటర్‌ఫేస్. రెండు మాడ్యూళ్ళని అక్కడ అతికించేస్తే ఇంక వాటిని విడివిడిగా మోయలేరు, బాగుచేయలేరు, అమ్మలేరు.

అపార్టుమెంటుల్లో ఉండేవాళ్ళకి అనువైన టి-ట్రాక్ అనే ఎన్ స్కేలు పద్ధతిని చూడండి. అందులో ఒంటి మాడ్యూలు పెట్టె పొడవు 308 మిల్లీమీటర్లు, దాని మీద పట్టాల పొడవు 310. అంటే పట్టాలు రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు బయటికి వస్తాయి. పక్కపక్కన పెట్టినప్పుడు పట్టాలు ముందు కలుస్తాయి, పెట్టెల మధ్య 2 మిల్లీమీటర్ల సందు మిగిలిపోతుంది. అది పొరపాటుగా మిగిలినది కాదు. పెట్టె కోతలో, చెక్క ఉబ్బులో వచ్చే తేడాలు పట్టాలని విడదీయకుండా ఉండడానికి ప్రమాణంలోనే రాసి పెట్టుకున్న సందు. ఎవరో ఒకరు ఆ ఖాళీని అందం కోసం పుట్టీతో నింపారంటే పక్క మాడ్యూలు పట్టాలు కలవవు.

అలాంటి సందుని దాచాలి. దాచడానికి దారులు చాలా ఉన్నాయి. అతుకు పడే చోటునే రోడ్డు అంచుగా, కంచెగా, పిల్లకాలువగా, పొలం గట్టుగా మార్చేయండి. కన్ను అక్కడ గీత ఉంటుందని ముందే ఒప్పుకుంటుంది. లేదా ఒకవైపు ముక్కకే పొదలు అంటించి, అవి రెండో వైపుకి వాలేలా చేయండి. రైలు ప్రదర్శనలకి తీసుకెళ్ళేవాళ్ళు అతుకు మీద పరిచేందుకు నురగ పచ్చిక పట్టీ ఒకటి విడిగా తెచ్చుకుంటారు, తిరిగి వెళ్ళేటప్పుడు తీసి డబ్బాలో పెట్టుకుంటారు.

రంగు, టార్చిలైటు

లప్పం ఆరగానే గది దీపాలు ఆర్పి, టార్చిలైటుని నేలకి సమాంతరంగా పట్టుకుని చూడండి. పై దీపం వెలుతుర్లో కనిపించని గట్లు, గుంటలు నీడలతో పట్టుబడతాయి. గోడలకి రంగు వేసేవాళ్ళు చేసే పరీక్షే ఇది. రంగు వేశాక దిద్దుకోవడం కంటే ఇప్పుడు దిద్దుకోవడం తేలిక.

లప్పంలో, స్కల్ప్టామోల్డ్ లో ముందే మట్టిరంగు లేటెక్స్ పెయింటు కలిపేయండి. రేపు ఎక్కడైనా చిన్న పెచ్చు ఊడినా లోపల తెలుపు బదులు మట్టే కనిపిస్తుంది. పెయింటు కొట్లలో వేరేవాళ్ళు కలిపించుకుని తీసుకోని డబ్బాలు చవగ్గా ఇస్తారు, గోధుమ రంగు ఏదైనా పరవాలేదు. ఏ ప్రాంతపు కొండ చేస్తున్నారో ఆ ప్రాంతపు మట్టి రంగు చూసుకోండి. కొలరాడో కొండ వేరు, పెన్సిల్వేనియా కొండ వేరు. అరకు దారిలో కొత్తవలస-కిరండూల్ లైను చేయాలని కలలు కనేవాళ్ళు తూర్పు కనుమల ఖొండలైటు రాయి ఎండకీ వానకీ నాని ఎర్రటి గోధుమ రంగుకి తిరుగుతుందని గుర్తుపెట్టుకోండి.

రంగు నీటితో కలిసేదే అయి ఉండాలి. స్ప్రే డబ్బా రంగులలో ఉండే ద్రావకం ఫోమ్ ని చూస్తుండగానే తినేస్తుంది.

ఇవి మాత్రం మర్చిపోకండి

పెద్ద ఖాళీలకి కొందరు తుపాకీలా పట్టుకుని ఊదే పాలీయురిథేన్ ఫోమ్ డబ్బా వాడతారు. వాడాల్సి వస్తే కిటికీలు, తలుపుల కోసం చేసిన తక్కువ ఉబ్బే రకమే వాడండి. మామూలు రకం ఉబ్బి, అతికించిన పలకలని పైకి లేపేస్తుంది. అది గాలిలో తేమతో గట్టిపడుతుంది కాబట్టి సందులో ముందు కాస్త నీళ్ళు చిలకరించండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. పచ్చి ఫోమ్ ని తుడవడానికి అసిటోన్ వాడమంటారు, కానీ అదే అసిటోన్ చుక్క మీ పాలిస్టైరీన్ కొండ మీద పడితే కొండకి గుహ పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం: ఈ డబ్బాల్లో ఊదే వాయువులు మండేవి. బేస్‌మెంటులో నీళ్ళ హీటరుకి పైలట్ మంట వెలుగుతూ ఉంటే అక్కడ ఈ డబ్బా నొక్కకండి.

వేడి తీగతో ఫోమ్ కోస్తే గీత నున్నగా వస్తుంది, దాంతోపాటు స్టైరీన్ పొగ కూడా వస్తుంది. కిటికీలు తెరిచి, ఫ్యాను బయటికి తిప్పి పెట్టండి. చలికాలంలో మూసిన బేస్‌మెంటులో, పిల్లలు పక్కన ఉండగా ఈ పని వద్దు. అప్పుడు కత్తి చాలు. రుద్దేటప్పుడు లేచే దుమ్ముకి మాస్కు పెట్టుకోండి. ఫోమ్ లో మంటని ఆలస్యం చేసే మందు కలిపినా అది మండే పదార్థమే. కొండని వట్టి ఫోమ్ గా వదిలేయకుండా ప్లాస్టర్ తో, రంగుతో కప్పేయండి, వేడి బల్బులు దగ్గర పెట్టకండి.

ప్లాస్టర్ కలిపిన గిన్నెని వంటింటి సింకులో కడగకండి. పైపు లోపల అది నీళ్ళలోనే గట్టిపడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ గిన్నెలో కలిపితే ఆరాక గిన్నె నొక్కి, పెచ్చులని చెత్తలో పారేయవచ్చు.

ఒక వారాంతపు క్రమం

శుక్రవారం రాత్రి సందులన్నిటినీ మూడు రంగుల పెన్నులతో గుర్తుపెట్టండి: కదలనివి, కదిలేవి, విడదీయాల్సినవి. విడదీయాల్సిన వాటిలోకి మైనపు కాగితం దూర్చి పక్క సందు లప్పం అటు జారకుండా చూడండి. పట్టాల మీద, ముఖ్యంగా దారి మార్చే పాయింట్ల మీద, మాస్కింగ్ టేపు వేయండి. లప్పం ముక్క ఒకటి చాలు పాయింటు బిగుసుకుపోవడానికి. శనివారం పొద్దున పెద్ద ఖాళీల్లో ఫోమ్ చీలికలు, మధ్యాహ్నం కదలని సందులకి లోయ చెక్కి లప్పం. ఆదివారం కదిలే సందులకి తాడు, కాల్క్. సాయంత్రం టార్చిలైటు పరీక్ష. రంగు పై వారానికి వాయిదా వేయండి. తొందరపడితే లోపలి తేమే మళ్ళీ పగులై పలకరిస్తుంది.

విడదీయాల్సిన సందుల దగ్గర బోల్టులు, వైరు కనెక్టర్లు ఆ సందుకి సరిగ్గా వస్తున్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ప్రతి ముక్కా మీ ఇంటి తలుపులోంచి, మెట్ల మలుపులోంచి పడుతుందో లేదో టేపుతో కొలవండి. కొత్త ప్రాజెక్టు వచ్చి రెండు వారాల్లో ఊరు మారమన్నప్పుడు మీరు నింపకుండా వదిలేసిన ఆ నాలుగు సందులే కొండని ట్రక్కు ఎక్కిస్తాయి. కొత్త ఇంట్లో బోల్టులు బిగించి, పొదలు సర్దితే మీ పిల్లలు ఆ సాయంత్రమే రైలు నడుపుకోవచ్చు.